ఉంగరం తీయమన్న నర్సు

పిస్కాటవే,
ఆదివారం.

అమ్మకు దేదీప్య నమస్కారాలు.

మీ అల్లుడు నిశాంత్ బాగున్నాడు, పప్పుచారు పెట్టడం కూడా నేర్చుకున్నాడు. నా సంగతి వరసగా చెబుతాను, మొత్తం చదివేదాకా ఫోన్ చెయ్యకు. ఫోన్లో నువ్వు నన్ను అసలు మాట్లాడనివ్వవు కదా, అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను.

నా ప్రాజెక్టు ఏమిటని అడిగావు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఇక్కడి ఒక కౌంటీలో, మన జిల్లా లాంటిదనుకో, గర్భిణుల కోసం ప్రభుత్వం ఒక నర్సును పెట్టింది. ఆవిడ రాసుకున్న కార్డులు చదివి కంప్యూటర్లో ఎక్కించడం నా పని. పేరు ఎడ్నా. ఎంత మొండి మనిషనుకున్నావు! బురదలో కారు దిగబడితే సంచీ భుజాన వేసుకుని పొలాలకు అడ్డంపడి నడిచేది. వంటింటి బల్ల మీదే స్పిరిట్ దీపం వెలిగించి మూత్రం పరీక్ష చేసేది. మొహం మీదే తలుపేసిన ఒక ఇంటికి ఆరుసార్లు వెళ్లింది. ఏడోసారి కాఫీ ఇచ్చారని కార్డు మీద రాసుకుంది! అలాంటి మనిషికి దణ్ణం పెట్టాలి.

సీమంతానికి నువ్వు పంపిన గాజులు సరిపోయాయా అని మూడుసార్లు అడిగావు. భలే ఉన్నాయన్నాను. అబద్ధం. సీమంతం నాడు అవి చేతికి ఎక్కనే లేదు. పక్క ఊరు ఎడిసన్ నుంచి వచ్చిన జ్ఞానప్రసూన ఆంటీ, "ఒళ్లు చేశావే పిల్లా! సోప్ తెండర్రా" అంటే అందరం నవ్వాం. నాలుగు గాజులు చిట్లాయి. అప్పటికే మూడు రోజులుగా తలనొప్పి. ఫంక్షన్ పాడవుతుందని ఎవరికీ చెప్పలేదు.

సోమవారం లైబ్రరీలో ఒక కార్డు చేతికొచ్చింది. "పాదాల వాపు చూసి ఊరుకోకూడదు. ఉంగరం తీయమనాలి. రాకపోతే తలనొప్పి ఉందా అని అడగాలి. ఉందంటే ఆ రోజే ఆసుపత్రి." నా ఉంగరం లాగి చూశాను. రాలేదు. తలనొప్పి ఇంకా ఉందమ్మా.

నిశాంత్‌కి ఫోన్ చేసి, "మీటింగ్ వదిలెయ్, నన్ను హాస్పిటల్‌కి తీసుకెళ్లు" అన్నాను.

"మళ్లీ గూగుల్ చూసి టెన్షన్ పడుతున్నావా?"

"గూగుల్ కాదు. తొంభై ఏళ్ల కిందటి నర్సు చెప్పింది!"

బీపీ నూట డెబ్బై ఉంది. ఇంకో రోజు ఆగితే ఫిట్స్ వచ్చేవేమో అన్నారు డాక్టర్. ఆరు రోజులుగా ఆసుపత్రి మంచం మీదే ఉన్నాను. వీడియో కాల్‌లో ఈ మంచం కనబడుతుందని, ఫోన్ కెమెరా పాడైందన్నది కూడా అబద్ధమే. తిట్టు, పడతాను. బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. బీపీ అదుపులో ఉంటే ముప్పైనాలుగో వారం దాకా ఆగుతారట, లేకపోతే ఎప్పుడైనా బిడ్డను బయటికి తియ్యాల్సిందేనట.

ఎడ్నా ప్రతి కార్డులోనూ చివర ఒక ప్రశ్న అడిగేది: కాన్పప్పుడు పక్కన ఎవరుంటారు? ఎవరూ లేరన్న ఇళ్లలో ఆవిడే వెళ్లి కూర్చునేది. నిన్న ఇక్కడి నర్సూ నన్ను అదే అడిగింది. మా ఆయన ఉంటాడు, చాలు అన్నాను. నీతోనూ అలాగే కదా, మేం మేనేజ్ చేసుకుంటాం, నువ్వు రావద్దు అని గొప్పలు పోయాను.

నాకు చాలా భయంగా ఉంది. నీకు వీసా ఉందిగా, వచ్చెయ్యమ్మా.

ఇట్లు,
నీ కోసం ఎదురుచూస్తున్న నీ కూతురు,
దేదీప్య