ఎడమ సొరుగు

రాజమండ్రి,
18-8-1996

సారికా,
నా ఆరోగ్యానికేం లోటు లేదు, మనసే కుదురుగా లేదు. నీ చదువుకి ఇస్తానన్న టేకు బల్లనూ, ఒక గోదావరి పడవల బొమ్మనూ దొర బంగళా వేలంలో పాడుకున్నాను. బల్లకి నాతో పోటీపడ్డవాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న చిట్టియ్య. నన్ను చూడగానే "మేడం గారి మీద పాడతానేంటండి" అని తప్పుకున్నాడు. బల్లను రిక్షాలో ఇంటికి చేర్చిందీ అతనే.

బల్ల ఎడమ సొరుగు నేనెంత లాగినా రాలేదు. "కొంచెం పైకెత్తి లాగాలండి" అన్నాడు. నీకెలా తెలుసని అడిగాను. "మా నాన్న చేసిన బల్లేనండి" అని నవ్వి వెళ్లిపోయాడు.

నాలుగు రోజులైంది. ఆ బల్ల మీద కాగితం పెట్టబుద్ధి కావడం లేదు. ఈ కార్డు కూడా ఒళ్లో నిఘంటువు పెట్టుకుని రాస్తున్నాను.

వచ్చే ఆదివారం బల్లను చిట్టియ్య ఇంటికి పంపుతున్నాను. నువ్వు అలగకూడదు. పడవల బొమ్మ నీకే. మీ ముందుగది గోడకి చెమ్మ ఉందేమో అమ్మను చూసి రాయమను. నీ దగ్గు తగ్గిందా?

చిట్టియ్య వద్దంటాడని తెలుసు. ఆ రోజు మేడం అని వదులుకున్నాడు, ఈసారి తీసుకోమని మేడంగానే చెబుతాను.

ప్రభువు మీ ఇంట తోడుండాలి.
అమ్మమ్మ