పెళ్లికి పోయిన నీళ్లు

2007 మే, ఆదివారం, కోడేరు

ఊరివాళ్లకు బోరు ఉప్పునీళ్ల బాధ తప్పించడానికే ఈ మంచినీళ్ల ప్లాంటు పెట్టానని అందరికీ చెప్పుకుంటాను. సేవ అట, సేవ! ఈరోజు ట్యాంకు నీళ్లన్నీ ఎక్కువ ధరకు ఒక పెళ్లికి పంపేశాను.

పొద్దున్నే ప్లాంటు ముందు ఖాళీ బిందెలు వరుసలో పెట్టి కూలికి పోయినవాళ్లు సాయంత్రం తిరిగొచ్చారు. మోటారు కాలిపోయిందని అబద్ధమాడాను.

"తియ్ బిడ్డా, మోటరు కాల్తె నువ్వేం జేస్తవ్? ఈ పూటకు బోరు నీళ్లే తాగుతం" అని ఎల్లమ్మవ్వ నన్నే ఓదార్చి, తన బిందె ఎత్తుకుని బోరు దగ్గరికి నడిచింది.

రేపు మోటారు బాగైందని ఇంకో అబద్ధం చెప్పాలి...

మధ్యాహ్నం ఆ పెళ్లికి నేనూ వెళ్లాను; భోజనం అయ్యాక అందరూ నేను పంపిన ఆ మంచినీళ్లతోనే చేతులు కడుక్కున్నారు. నేనూ కడుక్కున్నాను.