ఎర్ర టేపు కింది సంచులు

మంచిర్యాల,
ఆదివారం

ప్రియమైన బాపూ,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, అందుకే రాస్తున్నా. "అత్త కొడుకు కొండల్ బావను పెండ్లికి వద్దన్నది, ఇప్పుడు ఆ అత్తకు రక్తం గూడ వద్దన్నది" అని సిరిసిల్లలో మనోళ్లంతా అంటున్నారట. ఇన్నాళ్లూ నా చదువు మీకు పొగరుగా కనబడింది. ఇప్పుడు పగగా కనబడుతోంది.

మా రక్తనిధి ఫ్రిజ్‌లో కింది అరకు ఎర్ర టేపు అంటించింది నేనే. నిల్వ అక్కడిదాకా దిగితే, మిగిలిన సంచులు కాన్పులో రక్తం పోయేవాళ్లకు, యాక్సిడెంట్ అయినవాళ్లకు మాత్రమే. వాళ్లు చెప్పి రారు. ఎప్పుడు ఎందరు వస్తారో, దాతలు ఎప్పుడు దొరుకుతారో పాత రికార్డులన్నీ చూసి, అంచనా కట్టి పెట్టిన హద్దు అది. అత్తది ఓ నెగెటివ్ గ్రూపు. మనింట్లో ఎవరికీ లేదు. గ్రూపు చూసే టైం లేనివాళ్లకు ఎక్కించేదీ అదే. అత్త గర్భసంచి ఆపరేషన్ కొన్నాళ్లు ఆగొచ్చని డాక్టరే అన్నారు.

రక్తం కోసం వచ్చిన బావ ఫ్రిజ్ అద్దంలోంచి ఆ సంచులు చూసి, "గవేంది మరి, రంగునీళ్లా?" అన్నడు.

కొత్త రక్తం రాగానే మొదటి సంచి అత్తకేనని వాళ్లకు చెప్పు.

నీ బిడ్డ
ప్రవళిక


సిరిసిల్ల

బిడ్డా ప్రవళికా,

నీ ఉత్తరం బుధారం అందింది. మీ పోశవ్వత్త మంగళారం తెల్లారంగనే పోయింది. ఒంట్ల రక్తం లేక గుండె ఆగిందన్నరు. బట్ట నేసే సాంచెలు బంద్ పెట్టి అందరం ఆడనే ఉన్నం.

నిన్ను తిడుతలేను బిడ్డా. ఒక్కటి చెప్పు. గా దాచిన రక్తం ఎవలకు ఎక్కిచ్చిండ్రు? పేరు రాయి. ఫలానా తల్లి బతికిందని దినాల నాడు నలుగుర్ల చెప్పుత. నిన్ను ఇంట్లకు రానిస్తరు. పేరు లేకుంటే ఏదన్న ఒకటి రాయి. నేను నమ్ముత.

మీ బాపు
హనుమండ్లు


మంచిర్యాల

ప్రియమైన బాపూ,

పేరు లేదు.

అత్త పోయేదాకా ఎవ్వరూ రాలేదు. ఆ సంచులు అట్లాగే ఉన్నాయి. నీ ఉత్తరం చదివినకాడి నుంచి గేటు వైపే చూస్తున్నా. ఒక్క అంబులెన్స్ అయినా రావాలని, ఎవరికో ఒకరికి ఆపద రావాలని కోరుకున్నా బాపూ. అంతదాకా పోయింది నా మనసు. అత్తకు ఇచ్చినా ఎవరికీ తక్కువ పడకపోయేది. అది ఇప్పుడు తెలుసు. ఆ రోజు తెలిసే దారి ఏ లెక్కలోనూ లేదు. రేపటిదీ తెలియదు.

దొంగ పేరు రాయను. దినాలకు వస్తా. లోపలికి రానియ్యకుంటే వాకిట్లో కూర్చుంటా. తెల్లారి డ్యూటీకి పోతా. టేపు ఉన్నచోటే ఉంటుంది.

ప్రవళిక