రెండు ఇరుసుల ట్రైలర్ అన్నావు

అమ్మాయీ, నీ సంచి సర్ది తలుపు దగ్గర పెట్టాను. మట్టి ఎత్తే ఆ లోడర్‌ను మాత్రం నువ్వు కొన్న ట్రైలర్ ఎక్కించకు. రెండు ఇరుసులది, బ్రేకులున్నది కొంటానని నా చెయ్యి పట్టుకుని చెప్పావు. పొద్దున చూస్తే వాకిట్లో బ్రేకుల్లేని ఒంటి ఇరుసుది! ఎంత బరువు మోస్తుందో చెప్పే దాని రేకు మీది అంకెలు కూడబలుక్కుని చదివాను. అది ఒట్టి లోడర్‌నే మోస్తుంది. లోడర్ ముందు తగిలించే మట్టి తొట్టి బరువు నువ్వు కలపనే లేదు. అడిగితే, "నీకెందుకమ్మా ఈ గోల, పోయి పడుకో" అని నవ్వావు. ఆ నవ్వుకే నా మనసు విరిగింది. ట్రైలర్‌ను బండికి తగిలించే కొక్కెం పిన్ను పట్టుకుని మా అక్క ఇంటికి పోతున్నాను, అది లేకుండా నువ్వు కదలలేవు. తిట్టుకుంటే తిట్టుకో. పాలు కాచి ఉన్నాయి, తాగు.

అమ్మ

మీ నాన్న జబ్బుతో పోయారని ఇన్నాళ్లూ నీకు చెప్పాను. నిజానికి ఆయన బ్రేకుల్లేని ట్రైలర్‌తో కొండ దిగబోయారు. నీకు మూడో ఏడు నడుస్తున్న ఆ వానాకాలంలో వెళ్లినవారు తిరిగి రాలేదు.