చింత చెట్టుకు నీళ్లు

గంగు బాపూ,

కుండల జొన్న గట్క ఉన్నది, చల్ల ఉట్టి మీద ఉన్నది. ఫ్యాక్టరీ సైరన్‌కు లేవకుంటే మేస్త్రి హాజరీ వెయ్యడు. బిడ్డ గంగును తీస్కొని రెంజల్‌కు మా అన్న ఇంటికి పోతున్న. ఎంబడి రాకు.

ఫ్యాక్టరీల బాయిలర్ కాడ ఉడికి వస్తవని, ఇంట్లకు రానియ్యక ముందుగాల చింత చెట్టు కింద కూసోవెట్టేదాన్ని. నాలుగు చిగుర్లు నమిలి, గాలి తగిలినంక లోపలికొస్తే నా మీద నీ చెయ్యి లేవకపోయేది. ఆ చెట్టును నమ్ముకొనే నీతోటి సంసారం చేసిన. నిన్న పొద్దుమీకి అదే చెట్టుకు బరిగె ఇరిసి తెచ్చినవు. అది తునకలయ్యేదాంక నన్ను కొట్టినవు. అడ్డమొచ్చిన గంగు వీపు మీద గూడ వాతలు తేలినయి.

ఇంకోటి మరిచిన. చెరుకు కొట్టే కత్తి కోసం దేవులాడకు, చెట్టు మొదట్ల ఉన్నది. తెల్లారంగ నువ్వు నిద్రల ఉంటే నీ మెడ మీదికి లేపిన. నిద్రల గంగు దగ్గింది. కత్తి పట్టుకొనే పోయి, రోజు నువ్వు కూసునే జాగల కూసున్న. నేను గూడ నాలుగు చిగుర్లు నమిలి, గాలి తగిలినంక కత్తి అక్కడనే పెట్టి లేచిన.

చెట్టుకు రోజు రెండు బిందెల నీళ్లు పొయ్యి. నువ్వు బతికున్నది దాని పుణ్యమే.