చీవాట్ల కోసం

జూన్ 4
కుట్లు విప్పారు. స్వరపేటిక తీసేశారు కాబట్టి ఇకమీదట ఊపిరి మెడ మీది రంధ్రంలోంచే. మాట ఎక్కడినుంచీ లేదు. బస్సు కండక్టరుగా జన్మంతా అరిచినవాణ్ణి. ఇప్పుడు మంచినీళ్లు కావాలన్నా పలక మీద రాయాలి.

జూన్ 11
ఇంటికొచ్చాం. మా ఆవిడ నాతో మెల్లగా, మర్యాదగా మాట్లాడుతోంది. భయమేసింది.

జూన్ 19
కావాలనే తడి తువ్వాలు మంచం మీద పడేశాను. కిక్కురుమనకుండా తీసి ఆరేసింది. ఇదివరకైతే వీధి చివరిదాకా వినపడేది. నేను ఇదిగో, ఇదిగో అని నాలుగుసార్లు పిలవడం, నాకేం చెవుడు లేదు, వస్తున్నా అని ఆవిడ విసుక్కోవడం. మా ఇంట్లో అలాగే తెల్లవారేది.

వాళ్లక్కతో ఫోన్లో అంటుంటే విన్నాను. తిరిగి జవాబు చెప్పలేని మనిషిని ఏమంటానక్కా, నోరు రావట్లేదు అంటోంది.

పలక మీద 'తిట్టు' అని రాశాను. ఆవిడ వచ్చేలోపు చెరిపేశాను.

జులై 2
చెకప్. డాక్టరమ్మకి మా అమ్మాయి వయసుంటుంది. మొదట్లోనే వచ్చుంటే రేడియేషన్‌తో సరిపోయేదట, గొంతు దక్కేదట. మా పెదనాన్నకి ఇదే జబ్బొచ్చినప్పుడు, గొంతు తీసేయాలన్న సంగతి సర్జన్ వేళ్ల మధ్య సిగరెట్టుతోనే చెప్పాడు. ఎవరికీ తప్పనిపించలేదు. అల్లుడు సిగరెట్ పట్టుకుంటే ఎంత హుందాగా ఉన్నాడో అని మా అత్తగారు మురిసిపోయిన కాలం అది. బస్సులో ప్రతి సీటు వెనకా యాష్‌ట్రే ఉండేది. తర్వాత అవి పీకేసి, పొగ తాగరాదు అని స్టిక్కర్లు అంటించమన్నారు. నేనే అంటించాను, నోట్లో సిగరెట్టుతో.

పెదనాన్న పోయేదాకా పలకతోనే గడిపాడు. నాకు మాత్రం లోపల చిన్న వాల్వ్ పెడతారట. మెడ మీది రంధ్రం బొటనవేలితో మూసి ఊపిరి వదిలితే మాటొస్తుందట. మునుపటి గొంతు రాదని ముందే చెప్పింది. నేనేం కచేరీ చెయ్యబోవడం లేదు, ఒక్క మాట చాలు అని రాశాను.

జులై 20
సిగరెట్ కావాలనిపించింది. వేళ్లు వాటంతటవే జేబు తడుముకున్నాయి. జేబులో పెట్టె దొరికినప్పుడు ఆవిడ వేసే కేకలు అంతకన్నా ఎక్కువ కావాలనిపించింది.

ఆగస్టు 8
వాల్వ్ పెట్టారు. గురగుర. అంతే.

ఆగస్టు 21
స్పీచ్ థెరపిస్ట్ అ, ఆ అనమంటుంది. ఇంటికొచ్చి బాత్రూమ్‌లో కుళాయి విప్పి, నాక్కావలసిన మాట సాధన చేస్తున్నాను. ఇవాళ వచ్చింది. విని నేనే జడుసుకున్నాను. తుప్పుపట్టిన గేటు తీసినట్టుంది. ఆవిడ బెదిరిపోయి ఇంకా మర్యాదగా మాట్లాడితే? ఆ మర్యాద నేను తట్టుకోలేను. నాకు నా పెళ్లాం కావాలి.

సెప్టెంబర్ 1, ఉదయం
హాల్లోంచి పిలిచాను. ఇదిగో. పలకలేదు. మళ్లీ పిలిచాను. నాలుగోసారికి వంటింట్లోంచి, నాకేం చెవుడు లేదు, వస్తున్నా అని కసిరింది.

ఇంకా రాలేదు. వంటింట్లో కుళాయి నీళ్లు అలా పోతూనే ఉన్నాయి.