పేరు రాయని దరఖాస్తు

జెరిలిన్ తల్లీ,

ఆసుపత్రి డ్యూటీకి తొందరగా రమ్మని ఫోన్ వచ్చింది, ముందే వెళ్తున్నాను. మొక్కజొన్న జావ గిన్నెలో ఉంది, వెన్న వేసి వేడిచేసుకో. హైస్కూలు దరఖాస్తు ఫ్రిజ్ మీద ఉంది. మూడు గంటల లోపు మీ స్కూలు కౌన్సిలర్ గారికి ఇవ్వాలి, ఇవాళే ఆఖరు.

సంతకం పెట్టాను. స్కూలు పేరు మాత్రం రాయలేదు.

నీ మార్కులకు రెండు స్కూళ్ళూ రమ్మంటున్నాయి. ఇక్కడ మన నల్లవాళ్ళ పేటలో, సౌత్ సైడ్ స్కూల్లో అందరూ నిన్ను ఎరుగుదురు, కానీ నువ్వు అడిగే లెక్కలు చెప్పేవాళ్ళు లేరు. ఉత్తరాన ఉన్న పెద్ద స్కూల్లో ఆ లెక్కలున్నాయి, తరగతికి నల్లపిల్లలు ఇద్దరో ముగ్గురో. మొన్న డ్యూటీ బట్టల్లోనే చూడ్డానికి వెళ్తే గేటు దగ్గర గార్డు, "సామాన్లు దించేది వెనక గుమ్మం దగ్గరయ్యా" అన్నాడు. నేను సారీ చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు.

అక్కడ భోజనాలు వడ్డించే ముసలావిడ మనవాళ్ళలో మనిషే. నా చెయ్యి పట్టుకుని, "పంపించు నాయనా, నేనున్నన్నాళ్ళూ ఆ పిల్ల ఒంటరిగా కూర్చుని తినదు" అంది. వచ్చే జూన్‌లో రిటైరవుతానని కూడా ఆవిడే చెప్పింది.

లవర్న్ అత్తకు చెబితే, "వాళ్ళు రమ్మనేది దాని తెలివి చూసా, బ్రోచర్‌లో ఒక నల్లపిల్ల ఫొటో కోసమా తమ్ముడూ?" అంది. మీ అమ్మ ఉంటే ఈపాటికి తేల్చేసేది.

నువ్వే రాయి తల్లీ. ఏది రాసినా నాకు సమ్మతమే.

నాన్న

పెన్నుతోనే రాయాలట. నేను పెన్సిల్‌తో ఒక పేరు రాసి చెరిపేశాను. వెలుతురులో పెట్టి చూడకు.